క్రొత్త బ్యాటరీ ఏల నిలువదు?

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి ఒడ్డున ఇసుకపై నిలిచియున్న కుర్సురా జలాంతర్గామిని చూడబోవువారు టార్పెడో గొట్టములను, పెరిస్కోపును, నావికులు పరుండిన ఇరుకు పడకలను చూచి అచ్చెరువొందుదురు. తాము నడచుచున్న పలకల క్రింద ఒకప్పుడు ఆ నౌకకు ప్రాణాధారమైన బ్యాటరీల సముదాయ ముండెడిదని తలపోయువారు అరుదు. 1969 డిసెంబరులో భారత నౌకాదళమున చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించి, మరుసటి సంవత్సరము ప్రదర్శనశాలయైన ఈ నౌక ఫాక్స్‌ట్రాట్ తరగతికి చెందినది. నీటిపై డీజిలు యంత్రములతోను, లోతునకు మునిగినపుడు కేవలము బ్యాటరీలతోను నడచెడిది. ఆ తరగతి నౌకలలో 448 పెద్ద సీసపు ఘటము లమర్చెడివారు. రెండు నాట్ల మందగమనమున దినములతరబడి మునిగియుండగలిగిన ఆ నౌకయే పూర్ణవేగమున పరుగిడినచో కొలది గంటలలో శక్తిహీన మగును. ఏలయన నీటిలో వేగము రెట్టింపైనచో కావలసిన సామర్థ్యము ఇంచుమించు ఎనిమిది రెట్లగును. బ్యాటరీ ఎంతసేపు నిలుచునన్నది దాని గుణము మాత్రమే నిర్ణయింపజాలదు, దానిని వాడుకొను యంత్రపు నడతయు కలసి నిర్ణయించును.

మన ల్యాప్‌టాప్ విషయమునను ఇదియే ధర్మము. రుషికొండపైని ఐటీ కార్యాలయములలో పనిచేయువారును, ఆంధ్ర విశ్వవిద్యాలయపు విద్యార్థులును, ఉక్కునగరమున నివసించు ఇంజనీర్లును, ఓడరేవున సరకుల పత్రములు సరిచూచు ఏజెంట్లును నేడు ఈ యంత్రముపై నాధారపడినవారే. కొన్ని యేండ్ల వాడుకతో బ్యాటరీ క్షీణించుటయు, ద్వారకానగరులోనో గాజువాకలోనో క్రొత్తది వేయించుటయు, పట్టుమని పక్షము గడువకమునుపే "బ్యాకప్ రావట్లేదండీ" అని మరల ఆ అంగడి మెట్లెక్కుటయు సాధారణమైపోయినవి. అంగడి యజమాని "పీసు మంచిదే సార్, మీ సిస్టమే ఎక్కువ లాగుతోంది" అనును. కొన్నవారు "డూప్లికేటు అంటగట్టారు" అందురు. ఇరువురి మాటయు నిజము కావచ్చును, ఇరువురి మాటయు తప్పు కావచ్చును. కొలిచి చూచినగాని తేలదు.

ఈ ఫిర్యాదులో మూడు ప్రశ్నలు పెనవైచుకొని యున్నవి. బ్యాటరీలో నిజముగా నిలువయున్న శక్తి యెంత? యంత్రము దానిని ఎంత త్వరితముగా వ్యయపరచుచున్నది? ఇంకను ఇంత మిగిలెనని తెరపై కనబడు శాతము నమ్మదగినదేనా? నిలువ, వ్యయము, లెక్క అను ఈ మూడింటిని విడదీయక చికిత్సకు పూనుకొన్నవారికి మంచి బ్యాటరీని పారవేయుటయో, చెడ్డ బ్యాటరీని భరించుటయో తటస్థించును.

నిలువ

విద్యుచ్ఛక్తి నిలువను కొలుచు మానము వాట్-అవరు. బ్యాటరీ వీపున ముద్రించిన వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించినచో అది లభించును. 11.4 వోల్టులు, 4,200 మిల్లీ ఆంపియర్-అవర్లు అని యున్నచో నిలువ సుమారు 48 వాట్-అవర్లు. కేవలము మిల్లీ ఆంపియర్ల సంఖ్యనుబట్టి రెండు బ్యాటరీలను పోల్చరాదు, 11.1 వోల్టుల వద్ద 4,000 గలదానికంటె 14.8 వోల్టుల వద్ద 3,200 గలదే అధికశక్తి గలది. అంగడివారు సెల్లు అని పిలుచు ఒక్కొక్క లిథియం-అయాన్ ఘటము పూర్తిగా నిండినపుడు ప్రాయికముగా 4.2 వోల్టులను, వాడుకలో సగటున 3.6 లేక 3.7 వోల్టులను చూపి, 3 వోల్టులకు దిగునప్పటికి రిక్తమైనదని పరిగణింపబడును. 10.8 అనియు 11.1 అనియు ముద్రించినవి రెండును మూడు ఘటముల వరుసలే గనుక వానిమధ్య భేదము నామమాత్రము, 14.4, 14.8 అనునవి నాలుగు ఘటములవి. మూడు ఘటముల బ్యాటరీకి మారుగా నాలుగు ఘటములదానిని ఎన్నడు నమర్చరాదు.

1970 దశకమున స్టాన్లీ విట్టింగ్‌హామ్ లిథియం బ్యాటరీకి బీజము నాటగా, 1980లో జాన్ గుడెనఫ్ కోబాల్టు ఆక్సైడుతో దాని వోల్టేజిని పెంచగా, 1985లో అకీరా యోషినో లోహరూప లిథియమును తొలగించి దానిని సురక్షిత మొనర్చగా, 1991లో సోనీ సంస్థ విపణికి తెచ్చిన ఈ సాధనమునకుగాను ఆ మువ్వురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమతి లభించినది. ఘటములో ఒకవైపు గ్రాఫైటు, మరియొకవైపు లోహపు ఆక్సైడు ఉండును. ఛార్జి చేయునపుడు లిథియం అయానులు ఆక్సైడునుండి వెడలి గ్రాఫైటు పొరలలో ప్రవేశించును. వాడునపుడు తిరిగి స్వస్థానమునకు చేరును. అయితే గ్రాఫైటుపై ఒక పలుచని పొర యేర్పడి క్రమక్రమముగా మందమగుచు, కొంత లిథియమును శాశ్వతముగా బంధించివేయును. వాడినను వాడకున్నను ఈ క్షయము సాగుచునే యుండును. అందువలన తయారై రెండు మూడేండ్లు గోదాములో పడియున్న బ్యాటరీ, ముద్ర విప్పని పెట్టెలోనున్నను, క్రొత్తది యనదగినది కాదు.

ఈ క్షయమును వేడిమి ఉద్ధృత మొనర్చును. రసాయనచర్యల వేగము ఉష్ణోగ్రతతో ఎట్లు పెరుగునో 1889లో అర్హీనియస్ సూత్రీకరించెను. పది డిగ్రీలు హెచ్చినచో వేగము ఇంచుమించు రెట్టింపగునని స్థూలముగా చెప్పుదురు. పూర్తిగా నింపి 40 డిగ్రీల వేడిమిలో ఏడాదిపాటు ఉంచిన ఘటమున మొదటి శక్తిలో సుమారు 65 శాతము మాత్రమే మిగులుననియు, 40 శాతము మాత్రమే నింపి అదే వేడిమిలో ఉంచినచో సుమారు 85 శాతము మిగులుననియు, 25 డిగ్రీల వద్ద 40 శాతము నింపి యుంచినచో సుమారు 96 శాతము నిలుచుననియు ప్రచారమున నున్న అంచనా. విశాఖవంటి ఉష్ణప్రాంతమున రేకుల కప్పు క్రింద వేసవి గడపిన సరకునకును, చల్లని గదిలో నుంచిన సరకునకును ఎంతటి అంతర మేర్పడునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

వయోదోషము కాక వంచనాదోషమును కలదు. స్థూపాకారపు 18650 ఘటము, అనగా 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు గలది, ఎంత శ్రేష్ఠమైనదైనను సుమారు 3,500 మిల్లీ ఆంపియర్-అవర్లకు మించి నిలువజాలదు. అట్టివి ఆరు గల ప్యాకులో మూడు జంటలు వరుసగా కలుపబడియుండును గావున మొత్తము 7,000కు మించదు. అదే పరిమాణముగల ఆరు ఘటముల ప్యాకుపై 10,000 అని ముద్రించినచో ఆ ముద్ర అసత్యము. ఒక్కొక్క ఘటము 45 మొదలు 50 గ్రాముల వరకు తూగును గనుక, ఆరింటి ప్యాకు మొత్తము 300 గ్రాముల చుట్టుపట్ల ఉండవలెను. మిక్కిలి తేలికగా తోచినచో సందేహింపవలసినదే. పాత ఘటములను క్రొత్త పెంకులో అమర్చి యమ్ముటయు లేకపోలేదు. మనదేశమున ఇట్టి బ్యాటరీలు ఐఎస్ 16046 అను భారతీయ ప్రమాణమునకు లోబడి తప్పనిసరిగా బీఐఎస్ నమోదు పొందవలెను. ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య వీపున ఉండవలెను, దానిని బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనను సరిచూచుకొనవచ్చును.

లెక్క

నిలువ మంచిదైనను తెరపై కనబడు శాతము తప్పు కావచ్చును. బ్యాటరీలోపల ఒక చిన్న చిప్పు కూర్చుండి, లోనికి వచ్చిన విద్యుత్తును, బయటికి పోయిన విద్యుత్తును కూడుచు తీసివేయుచు నుండును. లోన ఎంతయున్నదో అది సూటిగా చూడజాలదు. గాదెలో ధాన్య మెంతయున్నదో తొంగిచూడక, పోసిన కుంచములను తీసిన కుంచములను గోడపై గీతలుగా గుర్తుపెట్టుకొను ఇల్లాలివంటి దది. ఒక్కొక్క కొలతలో వచ్చు స్వల్పదోషము పోగై కొంతకాలమునకు గీతలకును గాదెకును పొంతన తప్పును. ఒకమారు గాదె అడుగు కనబడువరకు తీసి, తిరిగి నిండుగా పోసినపుడు లెక్క సరిపడును. క్రొత్త బ్యాటరీలో ఈ చిప్పు ఇంకను తన గాదె పరిమాణమును నేర్చుకొనియుండదు. అందుచే 30 శాతము చూపుచుండగనే యంత్రము హఠాత్తుగా ఆరిపోవుట, లేదా శాతము 60 నుండి 40కి ఒక్క గంతున దిగుట సంభవించును.

దీనికి ప్రతీకారము కాలిబ్రేషన్. బ్యాటరీని నూరు శాతము నింపి, ఛార్జరు తీయకుండ రెండు గంటలు ఉంచి, పిదప తీసి, యంత్రము తనంతతాను నిద్రించువరకు సాధారణముగా వాడి, కొన్ని గంటలు అట్లే వదలి, మరల ఆగకుండ నింపవలెను. ఒకటి రెండు పర్యాయములు ఇట్లు చేసినచో లెక్క కుదుటపడును. ఇది కేవలము లెక్కను సవరించును, బ్యాటరీ శక్తిని పెంచదు. తరచుగా చేసినచో ఘటములకు వృథాశ్రమ. "మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టండి" అని అంగళ్ళలో నేటికిని చెప్పు సలహా నికెల్ బ్యాటరీల కాలమునాటిది. లిథియం బ్యాటరీ నిండిన వెంటనే ఛార్జింగు తనంతట నిలిచిపోవును.

కాలిబ్రేషన్ తరువాతను హఠాత్తుగా ఆరిపోవుట మానకున్నచో దోషము లెక్కలో లేదు, ఏదో యొక ఘటములో కలదు. వరుసగా కలిపిన ఘటములలో ఒకటి బలహీనమైనచో అది తక్కినవానికంటె ముందే కనిష్ఠ వోల్టేజికి దిగును. రక్షణ సర్క్యూట్ వెంటనే సరఫరా తెంచివేయును. తక్కిన ఘటములలోని శక్తి నిరుపయోగముగా మిగిలిపోవును. ఇట్టి బ్యాటరీని ఏ సాఫ్ట్‌వేరును బాగుచేయజాలదు. వారంటీ యుండగనే మార్పించుకొనవలెను.

వ్యయము

ఇక మిగిలిన ప్రశ్న. 48 వాట్-అవర్ల బ్యాటరీ 6 వాట్లు వాడు యంత్రమును ఎనిమిది గంటలు, 12 వాట్లు వాడుదానిని నాలుగు గంటలు, 24 వాట్లు వాడుదానిని రెండు గంటలు నడుపును. మందమైన వెలుతురులో వ్యాసము వ్రాయుటకు చాలిన ఆరేడు వాట్లు, వీడియో సమావేశమునకు రెట్టింపునకు పైబడును. ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్పు మేల్కొని ఆటలాడించునపుడు 50 వాట్లను దాటుట అరుదు కాదు. కావున మునుపటి బ్యాటరీ యౌవనమున నాలుగు గంటలు నడచినదని, అదే శక్తిగల క్రొత్తది అంతే నడవవలెనని ఆశించుటకు ముందు, ఈ నడుమ యంత్రమున ఏమేమి మారినవో విచారింపవలెను. క్రొత్తగా చేర్చిన ప్రోగ్రాములు, తెరచియుంచిన పదుల కొలది బ్రౌజర్ ట్యాబులు, తెరవెనుక సాగు అప్‌డేట్లు, ఫైళ్ళ సూచికా నిర్మాణము, దుమ్ము పేరుకొనుటచే నిరంతరము తిరుగు ఫ్యాను, ఇవన్నియు భారములే. టాస్క్ మేనేజరులో ప్రాసెసరును ఎవరు వినియోగించుచున్నారో చూచినచో దోషి తరచుగా అచటనే దొరకును.

మూత మూసినంత మాత్రమున యంత్రము నిద్రించినదని నమ్మరాదు. నేటి పెక్కు ల్యాప్‌టాపులు మూత వేసిన పిమ్మటను నెట్‌వర్కుతో సంబంధము తెంచుకొనక అర్ధనిద్రలో నుండును. రాత్రి 90 శాతముతో మూసినది ఉదయమునకు 60కి దిగినచో నిద్రావస్థయే కారణము కావచ్చును. హైబర్నేట్‌ను ఎన్నుకొన్నచో ఈ నష్టము దాదాపు లోపించును. పూర్తిగా ఆపినను బ్యాటరీ తరుగుచున్నచో, యంత్రము ఆగియున్నను ఫోన్లను ఛార్జి చేయు యూఎస్‌బీ ద్వారపు అమరికను పరీక్షింపవలెను. అదియు కానిచో మదర్‌బోర్డులో విద్యుత్తు కారుచున్నదని శంకింపవలెను. లిథియం ఘటము తనంతట తాను నెలకు కొలది శాతమే కోల్పోవును గనుక, ఒక్క రాత్రిలో పదులకొలది శాతము పోవుట దాని సహజ స్వభావము కాదు. సముద్రతీర నగరమున మరియొక శత్రువు కలదు: ఉప్పుతేమ గాలి. బ్యాటరీ కనెక్టరు పిన్నులకు త్రుప్పు పట్టినచో నిరోధము పెరిగి, భారము ఎక్కువైన క్షణమున వోల్టేజి పడిపోయి, మంచి బ్యాటరీయే రిక్తమైనట్లు యంత్రమునకు తోచును. క్రొత్తది అమర్చునపుడు పిన్నులను శుభ్రము చేయుమని మెకానికును అడుగవలెను.

ఒక్కొక్కప్పుడు వ్యాధియే ఉండదు. తయారీదారుల సాఫ్ట్‌వేరులో 60 లేక 80 శాతమువద్ద ఛార్జింగును నిలుపు పరిమితి యుండి, దానిని మరచినవారు బ్యాటరీ నిండుటలేదని చింతించుట కలదు. ఎల్లవేళల ఛార్జరుపై నడుపువారికి ఆ పరిమితి హితకరము. నిండుగా వేడిగా నుండుటయే బ్యాటరీకి హానికరము గదా! అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరముపై విరుచుకొనిపడి దినములతరబడి విద్యుత్తు లేకుండ చేసినప్పటి అనుభవము తెలిసినవారు, తుపాను హెచ్చరిక వెలువడగానే ఆ పరిమితిని తొలగించి నూరు శాతము నింపుకొనుట వివేకము.

పరీక్షాక్రమము

ఇప్పుడు మూడు ప్రశ్నలకును ఒకే పూటలో సమాధానము రాబట్టవచ్చును. విండోస్ యంత్రమున కమాండ్ ప్రాంప్ట్ తెరచి, పవర్‌సీఎఫ్‌జీ అను ఆదేశముతో బ్యాటరీ రిపోర్టు కోరినచో ఒక పత్రము సిద్ధమగును. లినక్స్‌లో యూపవర్, మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ ఇట్టి వివరములనే చూపును. అందు డిజైన్ కెపాసిటీ అనునది పుట్టుకనాటి శక్తి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనునది నేటి శక్తి, సైకిల్ కౌంట్ అనునది జరిగిన ఆవృత్తుల సంఖ్య. పిమ్మట నూరు శాతము నింపి, ఛార్జరు తీసి, వెలుతురును సగమునకు తగ్గించి, ఒక గంట సాధారణముగా పనిచేసి, ఎన్ని వాట్-అవర్లు ఖర్చైనవో చూడవలెను.

డిజైన్ 48, నేటి శక్తి 46 అని యుండి, గంటలో 23 వాట్-అవర్లు పోయినచో బ్యాటరీ నిర్దోషి, యంత్రము అతిభోజి. అంగడి యజమాని మాటయే నిజము. డిజైన్ 48 యుండి నేటి శక్తి, కాలిబ్రేషన్ పిదపను, 30 మాత్రమే యున్నచో ఖర్చు ఎంతైనను ఆ బ్యాటరీ పాతదో నకిలీయో. కొన్నవారి మాట నిజము. శక్తి సరిగానే చూపుచు, ఖర్చును మితముగానే యుండి, పావువంతు మిగిలియుండగనే ఆరిపోయినచో లెక్కయో, బలహీన ఘటమో కారణము. కాలిబ్రేషన్ ఆ రెంటిని వేరుచేయును. నెలలు గడచినను ఆవృత్తుల సంఖ్య సున్నగానే నిలిచి, నేటి శక్తి డిజైన్‌తో అణుమాత్రము భేదింపనిచో ఆ చిప్పు చెప్పు మాటను నమ్మక గడియారమునే నమ్మవలెను.

జాగ్రత్తలు

క్రొత్త బ్యాటరీ సగముకంటె తక్కువ ఛార్జితో వచ్చినదని కలతపడ నక్కరలేదు. విమానమున విడిగా పంపు లిథియం-అయాన్ బ్యాటరీలను 30 శాతమునకు మించి నింపరాదని 2016 ఏప్రిల్ నుండి అంతర్జాతీయ నియమము అమలునందున్నది. ఓడలపై సైతము ఇవి అపాయకర వస్తువుల తొమ్మిదవ తరగతిగా పరిగణింపబడును. రేవు నగరమున ఆ చిహ్నముగల పెట్టెలను చూచినవారికి ఆ వర్గీకరణము నిష్కారణము కాదని తెలియును. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడు పైకి లేచినను, మూత సరిగా మూతపడకున్నను, వెంటనే వాడుట మానవలెను. ఉబ్బిన బ్యాటరీని నొక్కుట, గ్రుచ్చుట, పాత ఘటములను విప్పి ఇంటివద్ద క్రొత్తవి అతుకుట ప్రాణాంతకము కాగలవు. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు పాత బ్యాటరీని ఇంటి చెత్తతో కలుపక వేరుగా అప్పగించు బాధ్యతను వినియోగదారునిపై ఉంచినవి. అంగడిలో క్రొత్తది కొనునపుడే పాతదానిని సేకరణకు అప్పగించుట యుక్తము.

పాఠకులకు నా విన్నపము ఇది. బ్యాటరీ కొనునపుడు బిల్లు తీసికొనుడు. తయారైన తేదిని, వాట్-అవర్ల సంఖ్యను, బీఐఎస్ నమోదు సంఖ్యను ఆ బిల్లుపై వ్రాయించుడు. అమర్చిన వారములోపలనే ఫుల్ ఛార్జ్ కెపాసిటీని ఒక కాగితమున గుర్తించుకొనుడు. ఆ ఒక్క అంకెయున్నచో అంగడిలో వాదులాట అవసరముండదు. అది లేనిచో ఎంత వాదించినను ఫలము లేదు.